నిచ్చెన పట్టుకున్నవాడు

జ్ఞానాపురం దాటి, రైలు పట్టాలు దాటి, కొండవార మట్టి దారిలో కాస్త పైకి నడిస్తే ఒక చిన్న చర్చి ఉందండి. తాళం వేసి ఉంటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. సైకిలు మీద వచ్చినవాడైనా ఆ మలుపు ముందే ఆగి, రైలు గేటు వైపు నుంచి చుట్టు తిరిగి పోతాడు.

ఎందుకంటే... అక్కడ నిచ్చెన ఎక్కే చప్పుడు వస్తుంది.

మనిషి కనపడడు. కిర్రు... కిర్రు... అని ఒక్కో మెట్టూ పైకి పోతూ ఉంటుంది. దిగిన చప్పుడు మాత్రం ఎవరూ వినలేదు. దిగేదాకా అక్కడ నిలబడ్డవాడు ఉంటే కదండీ వినడానికి.

నా పేరు గవర్రాజు. మాది తణుకు పక్క పల్లెటూరు. డెబ్భై ఒకటిలో పోర్టుకొచ్చి, ఓడల్లో సరుకు ఎత్తే వించి యంత్రానికి డ్రైవరుగా చేరాను. ఈ కథ చాలామటుకు నేను కళ్ళారా చూసింది కాదు, మా ఫ్రాన్సిస్ బావ చెప్పగా విన్నది. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఈ ఊళ్ళో మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు. అతను కేథలిక్కు, నేను హిందువుని. పదమూడేళ్ళుగా ఒకే గ్యాంగులో పనిచేస్తున్నాం.

ఆ చర్చి ముందు గోడ మీద, తలుపుకి బాగా పైన, ఒక బొమ్మ ఉంది. వాళ్ళ బైబిల్లో యాకోబు అని ఒకాయన రాతి మీద తల పెట్టి పడుకుంటే కల వచ్చిందట. నేల మీంచి ఆకాశం దాకా ఒక నిచ్చెన, దాని మీద దేవదూతలు ఎక్కుతూ, దిగుతూ ఉన్నారట. ఆ బొమ్మ వేసింది దాలయ్య. పోర్టులో ఓడలకి రంగులేసే మనిషి, హిందువే. చెయ్యి మంచిదని ఫ్రాన్సిసే తీసుకెళ్ళి పని ఇప్పించాడు.

డెబ్భై ఎనిమిది, క్రిస్మస్ ముందు రోజులు. దాలయ్య వెదురు నిచ్చెన ఎక్కి బొమ్మ వేస్తుంటే, పని లేని పూట ఫ్రాన్సిస్ కింద నిచ్చెన పట్టుకునేవాడు. చర్చి ముందు అంతా నున్నటి నాపరాళ్ళు. ఎవరో ఒకరు పట్టుకోకపోతే నిచ్చెన ఎప్పుడు జారుతుందో తెలీదు.

దాలయ్యకి అనుమానాలెక్కువ. ఒకరోజు పైనించే అడిగాడట.

"బావా, రెక్కలున్నోలకి నిచ్చెనెందుకు?"

ఫ్రాన్సిస్‌కి తెలీదు. ఫాదరుని అడిగాడు. ఫాదరు నవ్వి, రెక్కలు వాళ్ళకి, నిచ్చెన మనకి అన్నారట.

"అయితే మా వైకుంఠపాళీ లాంటిదే," అన్నాడు దాలయ్య. "మా పటంలో నిచ్చెన పక్కన పాము కూడా ఉంటాది. మీదాన్లో పాముని ఎయ్యమనలేదేటి ఫాదరు?"

ఆ మాటకి ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ఫ్రాన్సిస్‌కి ప్రాణం చచ్చిపోయేది.

బొమ్మంతా అయిపోయింది. అన్నిటికన్నా పైనున్న దేవదూతకి ముఖం ఒక్కటి మిగిలింది. ఆ సాయంత్రం దాలయ్య నిచ్చెన మీంచి పడ్డాడు. తల నాపరాయికి తగిలింది. అదే నిచ్చెన మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకుని రోడ్డు దాకా దింపారు. ఆసుపత్రికి చేరకుండానే పోయాడు.

తాగి ఎక్కాడట, అన్నారు అందరూ. మామూలుగా అయితే ఎవరైనా కాస్త ఆలోచించేవారు, కానీ దాలయ్యకి అంతకు ముందు తాగుడు ఉండేది. మానేసి ఏడాదైందని చెప్పేవాడు. ఎవరు నమ్ముతారండి. దేవుడి బొమ్మ దగ్గరికి తాగి ఎక్కాడు, అందుకే తోసేశాడు దేవుడు, అని కూడా అన్నారు.

భార్య పోతమ్మ, మూడేళ్ళ కూతురు తాయారు మిగిలారు. తాగుబోతోడి పెళ్ళాం అన్న పేరు పోతమ్మకి అంటుకుపోయింది. పిల్ల వీధిలోకొస్తే తోటి పిల్లలు దెయ్యం కూతురని పరిగెత్తేవారు. ఎందుకంటే అప్పటికే నిచ్చెన చప్పుడు మొదలైంది.

జనం అక్కడికి రావడం మానేశారు. పూజలు పెద్ద చర్చికి మార్చారు. దీనికి తాళం పడింది. నిచ్చెనని ఎవరూ ముట్టుకోలేదు, గోడ వార అలాగే పడుంది.

అసలు భయం అది కాదండి. ఎనభై ఒకటి వానాకాలం వెళ్ళాక... ఆ పైనున్న దేవదూతకి ఒక కన్ను వచ్చింది.

నేను చూశాను. పట్టపగలు, నలుగురితో కలిసి వెళ్ళి చూశాను. మూడేళ్ళు తెల్లగా, ఖాళీగా ఉన్న ముఖంలో ఒక్క కన్ను. దీపావళికి రెండోది వచ్చింది. తర్వాత కనుబొమలు, ముక్కు. మంచి చెయ్యి కాదు, వంకరగా ఉంది. చచ్చినవాడి చెయ్యి వణకదూ మరి, అన్నాను నేను. ఆ మాట పోర్టంతా పాకింది. దాలయ్య తన పని తను పూర్తి చేసుకుంటున్నాడని, ముఖం పూర్తయిన రోజున ఎవరినో తీసుకుపోతాడని, నిజం చెప్పొద్దూ, ఆ చివరి ముక్క నేనే కలిపాను. క్యాంటీనులో అందరూ టీ గ్లాసులు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని వింటుంటే ఉత్సాహం ఆగేది కాదు. ఫ్రాన్సిస్ మాత్రం గ్లాసు అక్కడ పెట్టేసి లేచిపోయేవాడు. భక్తిపరుడు కదా, దెయ్యాల మాటలు గిట్టవనుకున్నాను.

ఆ డిసెంబరులో ఒక రాత్రి సి షిఫ్టు. ఓడ లోడింగు ముందే అయిపోయి నాలుగున్నరకే వదిలేశారు. ఫ్రాన్సిస్ ఎప్పుడూ రైలు గేటు మీదుగా ఇంటికి పోతాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా చర్చి దారి తొక్కలేదు. ఆ వేళ ఇనప రాయి గూడ్సు బండి గేటుకి అడ్డంగా నిలబడిపోయింది. అరగంట చూశాడు. కదల్లేదు. ఒంటి నిండా ఎర్ర దుమ్ము, చలి. ఇంక చేసేది లేక సైకిలు తిప్పాడు.

మలుపు దగ్గర గొలుసు ఊడింది. నడిపించుకుంటూ వెళ్ళాడు. తల దించుకుని, జపమాల వేళ్ళకి చుట్టుకుని...

కిర్రు.

ఆగాడు. చప్పుడూ ఆగింది.

రెండడుగులు వేశాడు.

కిర్రు... కిర్రు...

తల ఎత్తొద్దనుకుంటూనే ఎత్తాడు. గోడ వార పడుండాల్సిన నిచ్చెన నిటారుగా గోడకి ఆనుకుని ఉంది. చీకట్లో సగం మాత్రమే కనిపిస్తోంది. పై సగంలో ఏదో నల్లగా కదులుతోంది. మనిషి ఆకారమే. ఆ దేవదూత ముఖం దాకా వెళ్ళి... అక్కడ ఆగింది.

సైకిలు చేతిలోంచి జారి పడింది.

పైనున్నది బిగుసుకుపోయింది. నాపరాయి మీద నిచ్చెన కాళ్ళు జానెడు జరిగాయి. ఆ చప్పుడు ఫ్రాన్సిస్‌కి తెలుసు. ఈ మూడేళ్ళుగా నిద్రలో రోజూ వింటున్న చప్పుడే అది.

పైనించి గుసగుసగా మాట వచ్చింది.

"కింద ఎవులో ఉన్నారు... నిచ్చెన ఒట్టుకోండి. జారతంది."

పారిపోదామనే అనుకున్నాడట. కాళ్ళు అటు తిరిగాయి కూడా. కానీ చేతులు ముందే వెళ్ళి నిచ్చెన పట్టేసుకున్నాయి. పట్టుకున్నాక తెలిసింది, పైనున్నది బరువున్న మనిషి. దెయ్యానికి బరువుండదు కదండీ.

"ఎవులు?" అన్నాడు. నిచ్చెన వదలకుండానే మళ్ళీ అడిగాడు.

"నాను. పోతమ్మని."

కోక ఎగ్గట్టుకుని, నడుముకి రంగు డబ్బా కట్టుకుని, పళ్ళ మధ్య కుంచె పట్టుకుని ఎక్కిందట. అన్నీ మొగుడు వదిలిపోయినవే. ఆఖరి మెట్టు దాకా ఎక్కకుండా, గోడకి అతుక్కుని నిలబడి ఉంది.

"ఇక్కడేటి సేత్తన్నావే ఈ సీకట్లో?"

"పగలైతే ఎక్కనిత్తారేటి నన్ను? ఎక్కినా, ఆడది నిచ్చెనెక్కిందని కింద నిలబడి సూత్తారు," అంది. కుంచె రంగులో ముంచుతూ చెప్పింది. "ఆయనకి ఫొటో లేదు బావా. ఒక్కటీ తీయించుకోలేదు. పిల్ల అడుగుతాది, నాన్న ఎలాగుంటాడమ్మా అని. సెప్పబోతే నాకే గురుతు రాలేదు మొన్న. మొకం పోతంది బుర్రలోంచి. ఉన్నంతవరకైనా ఇక్కడ ఎట్టేద్దారని."

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఫ్రాన్సిస్ పైకి చూశాడు. వంకర కళ్ళు, వంకర ముక్కు. అయినా దాలయ్యే. ఆ చూపు తననే చూస్తున్నట్టుందట.

"మూతి ఒక్కటీ ఉండిపోయింది," అంది పోతమ్మ. "ఇయ్యాల అయిపోతాది. ఒట్టుకుని ఉంటావా?"

"ఉంటాను."

కుంచె గోడ మీద గీసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తూర్పున ఇంకా వెలుగు రాలేదు. అప్పుడు...

పెద్ద చర్చి గంట మోగింది. పొద్దున్న పూజకి ముందు కొట్టే గంట.

వాళ్ళలో ఒక పద్ధతి ఉందండి, త్రికాల జపం అంటారు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం గంట కొట్టగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని జపం చెప్పుకుంటారు. చిన్నప్పట్నుంచీ అలవాటు. ఫ్రాన్సిస్ చేతులు నిచ్చెన మీద నుంచి లేవబోయాయి. లేవనివ్వలేదు. వెదురుని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే అరచేతిలో చీరుకుపోయింది. తర్వాత నాకు చూపించాడు ఆ గీత.

గంట ఆగేదాకా ఆగాడు. తల వెదురుకి ఆనించి చెప్పాడట.

"పోతమ్మా... ఆ రోజు కూడా గంట కొట్టినారు."

పైన కుంచె గీసుకుంటూనే ఉంది.

"ఆరు గంటల గంట. ఫాదరు గుమ్మం కాడ నిలబడున్నారు. పోర్టులో సరుకు ఎత్తేటప్పుడు జపం గంట ఎన్నిసార్లు కొట్టినా తాడు ఒదల్లేదు నాను. కొంప మునిగిపోతాదని తెలుసు. ఆ రోజు ఫాదరు సూత్తన్నారని... నన్ను పెద్ద భక్తుడనుకోవాలని... సేతులు తీసేసి దణ్ణం ఎట్టినాను. కళ్ళు మూసుకున్నాను. జపం సగం అయ్యేటప్పటికి పడిపోనాడు."

కుంచె చప్పుడు ఆగింది.

"ఎలా పడ్డాడని అడిగితే... తాగున్నాడని సెప్పినాను. నానే సెప్పినాను. నిచ్చెన చప్పుడని, దెయ్యమని మొదట సెప్పింది కూడా నానే. ఇక్కడికి ఎవులూ రాకుండా ఉంటారని. ఆడు పాము బొమ్మ ఎయ్యలేదేటని అడిగినాడు. పాము కిందే ఉంది, నిచ్చెన ఒట్టుకుని."

మళ్ళీ కుంచె కదిలింది.

"తెలుసు," అంది పోతమ్మ.

"ఏటి తెలుసు?"

"ఆ మలుపు కాడ అన్నం క్యారేజీ ఒట్టుకుని నిలబడున్నాను. మీరందరూ కళ్ళు మూసుకున్నారు. నాకు మీ జపం రాదు కదా. నాను కళ్ళు తెరుసుకునే ఉన్నాను."

"మరి ఎందుకు సెప్పలేదే ఎవులికీ?"

"నా మాట ఎవులు నమ్ముతారు," అంది. కింద మెట్టు మీదికి కాలు దించుతూ అంది ఆ మిగతాది. "నువ్వు సెప్తావనుకున్నాను. ఇయ్యాల సెప్తావు, రేపు సెప్తావు అని ఉండిపోనాను."

ఆ ఆదివారం పెద్ద చర్చిలో పూజ అయ్యాక మాట్లాడతానని ఫ్రాన్సిస్ ఫాదరుని అడిగాడు. లేచి ముందుకెళ్ళాడు. అతను రమ్మన్నాడని పోతమ్మ కూతురుని తీసుకుని వచ్చి గుమ్మం బయట నిలబడింది. మూడు వందల మంది చూస్తున్నారు. ఫ్రాన్సిస్ నోరు తెరిచాడు.

"కొండవార చర్చిలో దెయ్యం లేదు," అన్నాడు. "ఎవులూ భయపడక్కర్లేదు."

అంతే. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ గుమ్మం వైపు చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

నాకు ఇదంతా క్యాంటీనులో, మొహం గోడ వైపు పెట్టుకుని చెప్పాడు. ఎండకీ వానకీ ఆ ముఖం రంగు పోతుంటుంది కదా, నెలకోసారి పోతమ్మ దాన్ని దిద్దడానికి వెళ్తుంది. ఇతను వెళ్ళి నిచ్చెన పట్టుకుంటాడు. ఒక్క మాట అనదట ఆమె.

"ఎవులో సూసినారు బావా. ఇప్పుడు రెండు దెయ్యాలని సెప్పుకుంటన్నారు," అన్నాడు. "ఒకటి నిజవే." నవ్వబోయాడు, రాలేదు. "నాకు నోరు రాదు. నువ్వు నలుగురికీ సెప్పేవోడివి. నువ్వు సెప్పు."

సరేనన్నాను. సరేనని మూడేళ్ళయింది. దెయ్యం కథైతే అడక్కుండానే చెప్పేవాణ్ణి. దీనికి మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ నేనూ అతనిలాగే తిరిగాను. మొన్న ఆ పిల్ల తాయారు రేషను క్యూలో నా ముందు నిలబడింది. తొమ్మిదేళ్ళు. వెనకెవడో దెయ్యం కూతురన్నాడు. అది తల దించుకుంది. ఆ మాట పుట్టించింది ఫ్రాన్సిసైతే, మోసుకు తిరిగింది నేను. నాకు సిగ్గేసి క్యూ వదిలేసి వచ్చేశాను. ఆ పిల్ల తల దించుకోవాల్సిన పనేముందండి. దించుకోవాల్సినవాళ్ళం మేం ఇద్దరం ఉన్నాం.

అందుకే చెప్తున్నాను. నా దెయ్యం కథ ఎవరెవరికి చెప్పారో, వాళ్ళకే ఇదీ చెప్పండి.

దాలయ్య ఆ రోజు తాగలేదు. ఒక్క చుక్క కూడా తాగలేదు.