జలపాతం వెనక గొంతు

గుజరాత్‌లోని డాంగ్ అడవుల్లో ఆ జలపాతం వెనక ఒక గుహ ఉంది. పొద్దు వాలితే మేకల్ని కూడా అటు తోలరు. లోపల ఉన్నదేదో తెలియని భాషలో మనుషుల్ని పిలుస్తుందని దానికి చెడ్డపేరు.

ఆ మాట సోమలింగానికి దారిలో చాయ్ బండి ముసలమ్మ చెప్పింది.

"పోయిన వానల్లో వచ్చింది, భాయ్. గుజరాతీ కాదు, హిందీ కాదు. మొదట్లో పగలూ రాత్రీ అరిచేది. భయపడి ఒడ్డున నిమ్మకాయలు కోసి పెట్టాం... తగ్గింది. ఇప్పుడు పొద్దుగూకేటప్పుడే పిలుస్తుంది."

సోమలింగం చాయ్ తాగలేదు. పక్కనున్న మరదలు సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోయిన వానల్లోనే వాళ్లు ఇక్కడికొచ్చారు. సూరత్‌లో వాళ్లు నడిపే మగ్గాలకు సెలవు. జలపాతాలూ గుహలూ చూద్దామని తాముండే గోడాదరా నుంచి వ్యాన్ మాట్లాడుకుని బయల్దేరారు. సోమలింగం తమ్ముడు గోపాల్, అంటే సారక్క మొగుడు, ఫోటో దిగుతానని కొత్త నీలం చొక్కాలో ఒక్కడే నీళ్ల తెర వెనక్కి పోయాడు. పైన ఎక్కడో వాన దంచింది... చూస్తుండగానే ఎర్రనీళ్లు కొండ మీంచి విరుచుకుపడ్డాయి.

కొట్టుకుపోయాడన్నారు అందరూ. కింద మడుగంతా గాలించారు. శవం దొరకలేదు. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడలేదు.

ఏడాది తిరిగొచ్చింది. మనిషి పోయిన చోట ఇంత అన్నం పెట్టి వద్దామని సారక్క పట్టుబట్టింది.

"ఎన్కకు పోదమా?" అన్నాడు సోమలింగం.

"ఇంత దూరమొచ్చి ఎట్ల పోతం బావా..."

ఈ ఏడు వానలింకా మొదలవలేదు. కొండ మీంచి సన్నటి ధార పడుతోంది. గుహ ముందు విస్తరి వేసి అన్నం పెట్టేసరికి చీకట్లు ముసురుకున్నాయి. అప్పుడు... లోపలి నుంచి—

"అన్నా... ఈడ్నే ఉన్న."

అది గోపాల్ గొంతే.

"పోకు సారక్కా... ఆగు..."

ఆమె అప్పటికే లోపలికి నడిచింది. ఫోన్ లైటు వేసుకుని వెంటపడ్డాడు. తడి రాళ్లు. గబ్బిలాల కంపు. మళ్లీ అదే పిలుపు... ఈసారి సరిగ్గా నెత్తి మీంచి.

లైటు పైకెత్తాడు.

రాతి సందులో ఒక గోరింక. పసుప్పచ్చటి ముక్కు తెరిచి అంది— "అన్నా... ఈడ్నే ఉన్న."

సోమలింగం అక్కడే కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలియదు. "పిట్ట... గోరింక, సారక్కా. దయ్యం లేదు, ఏం లేదు. పిట్ట మాట్లాడుతున్నది, గంతే."

సారక్క నవ్వలేదు. పిట్టనే చూస్తోంది.

"దానికి మన మాట ఎవలు నేర్పిన్రు బావా?"

సోమలింగం మళ్లీ పిట్ట వైపు చూశాడు. ఒక్కసారి వింటే పిట్టకు మాట పట్టుబడదు. ఎన్నిసార్లు అనుండాలి... ఎన్ని దినాలు... తాము కింద మడుగులో గడలు వేసి శవం వెతుకుతుంటే, వీడిక్కడ బతికుండి...

చేతిలో లైటు కిందికి జారింది. గుహ చివర, కూలిన రాళ్ల కింద ఇరుక్కుని నీలం చొక్కా. అందులో మనిషి బొమికెలు.

సారక్క వాటి పక్కన కూర్చుంది. ఎంత పిలిచినా బయటికి రాలేదు. పైన పిట్ట పిలిచినప్పుడల్లా మెల్లగా జవాబు చెబుతూనే ఉంది.

"వచ్చినం... వచ్చినమయ్యా."