తాళాల కొక్కెం

ఎదురింటి పిన్నిగారు మేడమీద బట్టలు ఆరేస్తూ పక్కింటావిడతో అందట: "టెంట్లమ్మే కుర్రాడితో ఆ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే పిల్ల అడవికెళ్తోంది. వెంట వాళ్ళ నాన్న కూడానట! తండ్రిని కాపలా పెట్టుకుని ప్రేమించుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా."

కాపలా కాదు, పరీక్ష. పిల్ల తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు, సిమెంటు బస్తాలాంటి మనిషి. నడుముకి ఆపరేషనయ్యాక ఆయనకి మంచంమీద నిద్ర కరువైంది. ఇంకోసారి పడితే ఇక నడక ఉండదని డాక్టరు చెప్పేశాడు. "నువ్వమ్మే ఆ చెట్లకి కట్టే ఊయలలో కునుకు పడితే అప్పుడు మీ పెళ్ళి మాట వింటా," అన్నాడు కుర్రాడితో.

వాగు ఒడ్డున రెండు చెట్లు చూసి, బెరడు తెగకుండా వెడల్పాటి పట్టీలు చుట్టి, పిల్ల అందించిన కొక్కేలతో కుర్రాడు ఊయల తగిలించాడు. కాబోయే మామగారి చూపు వీపుమీద గుచ్చుకుంటుంటే కొక్కేలవైపు సరిగ్గా చూడనేలేదు.

"అలా కిందికి వేలాడుతోందేం? బిగించు," అన్నాడు పెద్దాయన.

"బిగిస్తే కొక్కేలమీద బరువు ఎక్కువ పడుతుందంకుల్. ఇలా వదులుగా ఉంటేనే..."

"జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి. నాకు చెప్తావా?"

కుర్రాడు పట్టీ లాగి బిగించాడు. పెద్దాయన ఎక్కి పడుకున్నాడు. కాసేపటికి సన్నగా గురక.

"పాసయ్యావ్!" పిల్ల కళ్ళెగరేసింది. "కారులోంచి నీళ్ళు తే, పెళ్ళికొడుకా."

నవ్వుతూ జేబులోంచి తాళాలు తీశాడు. అవి వేలాడుతున్నది ఊయలకి తగిలించాల్సిన, మనిషి బరువు మోసే కొక్కేనికి.

"డిక్కీ తీసినప్పుడు తాళాలు దేనికి తగిలించావ్?" అన్నాడు గుసగుసగా.

"ఏదో కొక్కేనికి. మిగిలినవి నీకిచ్చాగా? అన్నీ ఒకేలా ఉన్నాయి!"

ఇద్దరూ పెద్దాయన తల వైపు చూశారు. తాళాల కోసం చేసిన బొమ్మ కొక్కెం అక్కడ మెల్లగా నోరు తెరుస్తోంది. కింద గుండ్రాళ్ళు.

"నాన్నకి చెప్పకు," ఆమె గోళ్ళు అతని మోచేతిలో దిగాయి. "చప్పుడు కాకుండా మార్చేద్దాం. తెలిస్తే మన పెళ్ళి గోవిందా."

"ఆయన పక్కకి ఒత్తిగిల్లితే?"

"ఒత్తిగిల్లరు!"

కొక్కెం కిర్రుమంది.

"నువ్వు నాకు దక్కకపోయినా సరే, ఆయన నడవాలి." ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. "అంకుల్! కదలకండి. తప్పు కొక్కెం తగిలించాను. విరిగేలా ఉంది."

పెద్దాయన కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం పాలిపోయాయి. "ఎంతసేపు?"

"ఊపిరి మెల్లగా తీసుకోండి. అంతే."

తండ్రి వీపు కింద పిల్ల భుజం పెట్టి పైకి నెట్టింది. కుర్రాడు సంచిలోంచి ఇంకో పట్టీ లాగి చెట్టుకి చుట్టాడు. తాళాలతో సహా బరువు మోసే కొక్కేన్ని దానికి తగిలించి ఊయల ఉచ్చులోకి దూర్చబోయాడు. వేళ్ళు జారాయి. మళ్ళీ జారాయి. మూడోసారి టక్కుమని పట్టింది. ఆ వెంటనే బొమ్మ కొక్కెం విరిగి రాళ్ళలోకి ఎగిరింది. ఊయల బెత్తెడు కుంగి ఆగింది.

దిగాక కూడా పెద్దాయన చెట్టుని వదల్లేదు.

"ఆ కొక్కెం అందించింది నేనే నాన్నా," అంది పిల్ల ఏడుస్తూ.

"చూసుకోవలసింది నేను. మీరు బిగించమన్నా బిగించకుండా ఉండాల్సింది. మీకు భయపడ్డాను," అన్నాడు కుర్రాడు.

పెద్దాయన కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"మరి... మా సంగతి?" అంది పిల్ల.

"పెళ్ళి చేసుకోండి. నా పక్క మాత్రం మీ ఇద్దరిలో ఎవరూ వెయ్యొద్దు."