ఒకే రకం బియ్యం

పటమటలో మా చర్చికి ఒక సహాయక సంఘం ఉండేది. కష్టంలో ఉన్నవాళ్లకి సాయం చెయ్యడం దాని పని. చేసిన సాయం కంకిపాడు దాకా వినబడేలా చెయ్యడం దాని అసలు పని. అసలు పనికి మైకు సెట్టు, ఫొటోగ్రాఫరు, పూలదండ కావాలి. మొదటి పనికి బియ్యం చాలు. ఆ బియ్యం కోసం సంఘం పెద్దలు చెమటోడ్చక్కర్లేదు. ఆడవాళ్లే ఇచ్చేవారు.

మా పేటలో ఏ ఇంట్లో ఎసరు పెట్టినా, కడగబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి గోనెసంచిలో పోస్తారు. ఎవరింట్లో పొయ్యి వెలగని రోజొస్తే వాళ్లింటికి ఆ సంచి వెళుతుంది. మా తాతల నాటినుంచీ ఉన్న పద్ధతి ఇది. దీనికొక ప్రెసిడెంటూ ఒక సెక్రటరీ అవసరమని కనిపెట్టింది మాత్రం మా తరమే.

డెబ్భై నాలుగులో ప్రెసిడెంటు జాన్‌బాబుగారు. కంట్రాక్టరు. ఫొటోలో తాను మధ్యన లేకపోతే ఆ సాయం జరగనట్టేనని ఆయన గట్టి నమ్మకం. సెక్రటరీ సొలొమోను. కరెంటాఫీసులో గుమాస్తా. బెల్‌బాటం ప్యాంటు, చెవులు కప్పేసే జుట్టు, మైకు కనిపిస్తే చాలు మారిపోయే గొంతు. ప్రెసిడెంటుగారి నమ్మకాన్ని అతనెప్పుడూ ప్రశ్నించలేదు. ఫొటోలో పక్కన నిలబడేది తనే కదా మరి.

ఆ వర్షాకాలం టైలరు అబ్రహాము బందరు కాలవగట్టు మీద సైకిలుతో సహా జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. భార్య పోయి చాలాకాలమైంది. ఇంట్లో తనూ, కూతురు ఎలిజబెతూ. కుట్టుమిషను ఆగింది కాబట్టి వంటా ఆగే రోజులొచ్చాయి. ఎలిజబెత్‌కి టీచర్ ట్రైనింగు ఆఖరి సంవత్సరం. అది మానేసి నర్సాపురంలో ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకునే ఉద్యోగానికి వెళ్లిపోతుందని పేటంతా చెప్పుకున్నారు. చివరి మెట్టు మీద దిగిపోతే ఇక టీచరు ఉద్యోగం మాట మరిచిపోవలసిందే. అయ్యో పాపం అని అందరూ అన్నారు. అయ్యో పాపం అనడానికి ఖర్చేముంది.

ఆదివారం ఆరాధన కాగానే సంఘం తరలివెళ్లింది. రిక్షాలో బియ్యం బస్తా, వెనక గొడుగు కింద ఫొటోగ్రాఫరు, ముందు జాన్‌బాబుగారు. చినుకులు పడుతున్నాయి. ఎలిజబెత్ తలుపు తీసింది. సొలొమోను ఆమెను చర్చిలో వెనకనుంచి జడ మాత్రమే చూసి ఎరుగును. ఎదురుగా చూసేసరికి బట్టీపట్టిన ఉపన్యాసంలో సగం మరిచిపోయాడు. రెండో సగం కూడా మరిచిపోయి ఉంటే బాగుండేది. నిరుపేద కుటుంబమనీ, దిక్కులేని స్థితి అనీ, సంఘం చల్లని చెయ్యి అనీ ఏదేదో మాట్లాడాడు.

ఆమె చివరిదాకా వింది. మధ్యలో అడ్డు రాలేదు. అదే ప్రమాదమని సొలొమోనుకి తెలియలేదు.

"సెక్రటరీగారూ, మా అమ్మ ఉన్నప్పటినుంచీ ప్రతివారం మా డబ్బా చర్చికొస్తూనే ఉంది. మేం బియ్యం పోసేటప్పుడు మీరెప్పుడూ ఫొటో తియ్యలేదు. తీసుకునేటప్పుడు దేనికండీ?"

"అంటే... రికార్డు కోసమండీ."

"అయితే ఆ బస్తా మీద ప్రెసిడెంటుగారిని కూర్చోబెట్టి తీయించుకోండి. ఆయనకి అలవాటే కదా."

తలుపు మూసుకుంది. గట్టిగా కూడా కాదు, మర్యాదగానే. వాన పెరిగింది. పూలదండ ఎవరి మెడలో వెయ్యాలో తెలియక ఫొటోగ్రాఫరు తన గొడుగుకి తగిలించుకున్నాడు. ఇంత పొగరున్న ఇంటికి బియ్యమెందుకని జాన్‌బాబుగారు అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు. బస్తా చర్చికి తిరిగొచ్చింది.

ఆ మర్నాటినుంచి సొలొమోను మనిషి మనిషిలా లేడు. వీధిలో కరెంటు పోయిందని ఎవరో చెప్పడానికొస్తే, "ఆవిడన్నది నిజమేనండీ" అన్నాడట. వాళ్లు ఇంకో గుమాస్తాని వెతుక్కున్నారు.

రెండు రోజులాగి బస్టాపులో ఆమె ఎదురు నిలబడి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆశ్చర్యం, ఆమె కోప్పడలేదు. ఒకటో తారీఖున ట్రైనింగు మానేస్తున్నానని మామూలుగా చెప్పింది. నాన్న చెయ్యి అతుక్కునేదాకా ఎలాగో గడిస్తే చాలు, కానీ ఆ ఎలాగో ఏమిటో దొరకడం లేదంది. బస్సు ఎక్కబోతూ, చెప్పిన మాట చెవికెక్కాలంటే ముందు చెవులు కనబడాలి కదండీ అని అతని జుట్టు వంక చూసింది. సాయంత్రానికి సొలొమోను క్రాఫు మారిపోయింది. కుర్రాడికి టైఫాయిడ్ వచ్చిందేమోనని పేటలో ముసలమ్మలు కంగారుపడ్డారు.

చెవులు బయటికొచ్చాయిగాని బుర్ర ఇంకా లోపలే ఉంది. జీతంలో అడ్వాన్సు తీసుకుని వన్‌టౌన్‌కి వెళ్లి, అక్కుళ్లనే మంచి సన్నబియ్యం, అదీ పాతవి, ఒక బస్తా కొన్నాడు. పాస్టరుగారి భార్య సంపూర్ణమ్మగారి దగ్గరికి తీసుకెళ్లి, చర్చివారి గుప్పెడు బియ్యమని వాళ్లింటికి పంపమని బతిమాలాడు. తాను అబద్ధం చెప్పనన్నారావిడ. మీరేమీ చెప్పొద్దు, ఊరికే పంపండి అన్నాడు. ఆవిడ అతని కొత్త క్రాఫు వంక కాసేపు చూసి, ఇక ఏమీ అడక్కుండా రిక్షా పిలిపించారు. ఫొటోగ్రాఫరు రాలేదు కాబట్టి ఎలిజబెత్ బస్తా దింపించుకుంది. సొలొమోను తన తెలివికి తానే మురిసిపోయాడు. మగవాడు బియ్యం కొనగలడు. ఉడికాక ఎలా ఉంటాయో మాత్రం ఆలోచించలేడు.

మర్నాడు కరెంటాఫీసు కౌంటరు ముందు క్యూలో ఎలిజబెత్ నిలబడింది. తన వంతు రాగానే టిఫిను గిన్నె బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఇదేంటండీ?"

"అన్నమండీ" అన్నాడు సొలొమోను.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ."

"అదే మరి. చర్చి బియ్యం ఎప్పుడైనా ఇంత బాగా ఉడికాయా?"

సొలొమోను గిన్నెలోకి వంగి చూశాడు. ఆ చర్చి సంచిలో ఒకరింటి మసూరి, ఇంకొకరింటి ఐఆర్ ఎయిట్, కొత్తవీ పాతవీ, ఎవరో పోసిన ఉప్పుడు బియ్యం, అన్నీ కలిసి ఉంటాయి. వండితే సగం గంజవుతుంది, సగం పళ్ల కింద పలుకు తగులుతుంది. మా పేటలో పసిపిల్లలు కూడా ఆ అన్నాన్ని చూడగానే గుర్తుపడతారు. ఇక్కడ గిన్నెలో మెతుకులన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

ఈ వారం అందరూ అక్కుళ్లే పోశారేమోనండీ అని గొణిగాడు. పేటంతా ఒక్క వారంలో జమీందార్లయిపోయారా అని ఆమె అడిగింది. క్యూలో వెనకనున్న పెద్దాయన బిల్లు సంగతి మరిచిపోయి బల్లకి ఆనుకున్నాడు.

"అందరి గుప్పెళ్లూ కలిసిన సంచిలో మా గుప్పెడు కూడా ఉంటుందండీ. అది నేను తలెత్తుకుని తింటాను. ఒక్కరి దగ్గర తీసుకుంటే, ఆ ఒక్కరూ ఎదురైనప్పుడల్లా తల దించుకోవాలి." గొంతు తగ్గించింది. "మీరెదురైతే తల దించుకోవడం నాకిష్టం లేదు."

గిన్నె మూత పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఆఖరి మాటకి అర్థం క్యూలో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయింది. సెక్రటరీగారికి తెలియడానికి మాత్రం మధ్యాహ్నం టీ దాకా పట్టింది. తెలిసిన తర్వాత ఆ టీ తాగలేదు. ఆమె ఒకటో తారీఖు అన్న మాట గుర్తొచ్చి కేలెండరులో రోజులు లెక్కపెట్టాడు. సాయంత్రానికి బస్తా అతని ఇంటికి తిరిగొచ్చేసింది.

ఆదివారం ప్రకటనల వేళ సొలొమోను మైకు పట్టుకున్నాడు. ఆ మైకులో అతను క్లుప్తంగా మాట్లాడడం ఎవరూ ఎరగరు. ఇక నుంచి బియ్యం ఇచ్చేచోట ఫొటోలుండవనీ, పేర్లు చదవరనీ, అబ్రహాముగారింటికి వెళ్లవలసిన సంచి ఈరోజే వెళుతుందనీ చెప్పి ఆగాడు. జాన్‌బాబుగారు లేచి, ఫొటో లేకపోతే మనం ఇచ్చినట్టు నలుగురికీ ఎలా తెలుస్తుందని నిలదీశారు.

"ఇచ్చింది మీరు కాదు కదండీ" అన్నాడు సొలొమోను. మైకు బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి సంపూర్ణమ్మగారు లేచారు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. సంచి దాకా వచ్చి, చేతిలో డబ్బా పొయ్యకుండా మూత బిగించి, వెనక్కి వెళ్లి కూర్చున్నారు. తర్వాతావిడా అంతే. ఆ తర్వాతావిడా అంతే. డబ్బాలన్నీ వచ్చాయి, డబ్బాలన్నీ నిండుగానే తిరిగి వెళ్లాయి. అడుగంటిన సంచి పక్కన ప్రెసిడెంటుగారు ఒక్కరే మిగిలారు. ఆ పక్కన నిలబడితే ఫొటో ఎలా వస్తుందో ఆయనకి తెలియనిది కాదు. కాసేపు పాటల పుస్తకం తిరగేసి, సరే మీ ఇష్టం అన్నారు. తనే ఆలోచించి ఈ మార్పు తెచ్చానని తర్వాత అందరికీ చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాం.

డబ్బాల మూతలు మళ్లీ తెరుచుకున్నాయి, సంచి నిండింది. సొలొమోను దాన్ని సైకిలు మీద కట్టుకుని, పైన తన రెయిన్‌కోటు కప్పి, తను తడుస్తూ తొక్కాడు. ఎలిజబెత్ తలుపు తీసి అతన్ని కాదు, ముందు సంచిలోకి చూసింది. గుప్పిట్లోకి తీసి అరచెయ్యి తెరిచింది. దొడ్డువీ, సన్నవీ, ఎర్రచారలవీ.

"ఇవి మనవే" అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "నర్సాపురానికి రానని రేపే రాసేస్తాను."

సొలొమోను గడపలోనే నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. వెళ్లాలి. వెళ్లబుద్ధి కావడం లేదు.

"ఎలిజబెత్‌గారూ, ఒక్కరి బియ్యం మీరు ఎప్పటికీ తీసుకోరా?"

ఆమె వాన వైపు చూసింది, వాన అంత ముఖ్యమైనదన్నట్టు.

"ఆ ఒక్కరూ మా ఇంటి మనిషైతే తీసుకుంటాం" అంది. "కాకపోతే నా ట్రైనింగు అయ్యేదాకా ఆగాలి."

ఎన్నాళ్లైనా ఆగుతానన్నాడు. ఆమె అంటే తనకి ఎంతిష్టమో చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. మైకు లేక మాట రాలేదు. ఇష్టమండీ అని మాత్రం అనగలిగాడు. తెలుసండీ అంది.

లోపల అబ్రహాము దగ్గాడు. కట్టుతో ఉన్న కుడిచెయ్యి గుండెకానించుకుని బయటికొచ్చాడు. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. సొలొమోను నమస్కారం పెట్టాడు. ఆయన దాన్ని పట్టించుకోకుండా గోడ మేకునుంచి ఎడమచేత్తో టేపు తీశాడు.

"ఇలా తిరుగబ్బాయ్. పెళ్లి కోటుకి కొలతలిప్పుడే తీసుకుంటాను. అమ్మాయి చదువయ్యేలోగా నా చెయ్యి బాగవుద్ది. అప్పటిదాకా లావెక్కావంటే మాత్రం నాకు సంబంధం లేదు."

టేపు ఒక కొస సొలొమోను కుడిభుజం మీద పెట్టాడు. రెండో కొస ఎడమభుజం దాకా లాగి పట్టుకోవడానికి ఆయనకి ఇంకో చెయ్యి లేదు. ఎలిజబెత్ వచ్చి పట్టుకుంది.