నాలుగో మూల దగ్గర వంపు

ఇనుము చెక్కే మెషిన్ కిటికీకి కొత్త అద్దం వేశారు. పాత అద్దాన్ని పగలగొట్టుకుని వచ్చిన కట్టర్ ముక్క ఆపరేటర్ గుండెల్లో దిగి ఆరు వారాలైంది. అంత పెద్ద మెషిన్‌కి ఇంత పల్చటి అద్దమా అని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు దాని ముందు, అతని ఉద్యోగంలో, అతని భార్య నిలబడుతోంది. ఆ మెషిన్ షాపులో అందరికీ ఆమె వదిన.

"యాక్సిడెంట్ కాదు, మర్డర్," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్. "అక్కడ చెక్కేది పైలట్ల ఆక్సిజన్ మాస్కుల అచ్చు. తయారు కానివ్వకూడదని విదేశీ ముఠా పంతం. ఇవాళ పదకొండు గంటలకి ఆ మెషిన్ మీద మళ్ళీ అదే ప్రోగ్రాం నడుస్తుంది. ఎవరి పనో కనిపెట్టు."

ఏజెంట్ నలభై షాపుకి బయల్దేరాడు. ఆ షాపులో సాఫ్ట్‌వేర్ మెకానిక్ వేషం అతనిదే. "ఈ వంపుల మీద అనుమానంగా ఉంది" అని ఆపరేటర్ ఫోన్ చేస్తే, "స్క్రీన్ మీద బాగానే ఉంది, నడిపెయ్" అన్నదీ అతనే.

షాపులో కొక్కానికి ఆపరేటర్ ఏప్రన్ వేలాడుతోంది. ఫ్యాన్ గాలికి, లోపల మనిషి ఉన్నట్టే, నిండుగా కదిలింది.

"మొహం పీక్కుపోయింది తమ్ముడూ," అంది వదిన. "నాకూ నిద్ర లేదు. కొత్త అద్దమైనా ఏముంది, గాజే కదా!"

నల్ల కళ్ళద్దాలు, ఎర్ర మడమల చెప్పులతో సాఫ్ట్‌వేర్ ట్రైనర్ వచ్చింది.

"వాన వస్తుందంటారా?" అన్నాడు నలభై.

"నా గొడుగుకి చిల్లు."

కోడ్ సరిపోయింది. మన మనిషే.

"స్క్రీన్ మీద సిమ్యులేషన్ అంతా గ్రీన్. నడపమ్మా," అంటూ ట్రైనర్ రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకో రెండు.

వదిన బటన్ నొక్కింది. కట్టర్ ఒకటో మూల తిరిగింది. రెండు. మూడు.

నలభై వెనక్కి చూశాడు. ట్రైనర్ ఇనుప స్తంభం చాటున ఉంది. ప్రోగ్రాం మీద నమ్మకం ఉంటే స్తంభం చాటెందుకు?

ఎగిరి ఎర్ర బటన్ మీద పడ్డాడు. నాలుగో మూలకి వెంట్రుక దూరంలో కట్టర్ ఆగింది.

కట్టర్ విప్పి, దాని చోట పెన్సిల్ బిగించి, కింద కాగితం పరిచి మళ్ళీ నడిపాడు. నాలుగో మూలలో గోరంత వంపు తిరగాల్సిన పెన్సిల్ పళ్ళెమంత చుట్టు చుట్టి, పక్కనున్న ఇనుప బిగింపుకి కొట్టుకుని ముక్కలైంది.

"స్క్రీన్ చూపించేది డిజైన్‌ని వదినా. మెషిన్ చదివేది అంకెల్ని. అంకెలు రాసే ఫైల్లో దశాంశాల తోక కోసేశారు. దాంతో వంపు మొదలూ చివరా ఒకే అంకె అయిపోయింది. అంటే మెషిన్‌కి పూర్తి చుట్టు."

ట్రైనర్ చేతిలో లిప్‌స్టిక్ టక్‌మంది. కొసన సూది. వదిన కట్టర్‌ని చల్లబరిచే కూలెంట్ పైపు ఆమె మొహం మీదకి తిప్పేసింది. ఎర్ర మడమలు జారాయి. మన కోడ్ చెప్పి వచ్చిన ఆ ముఠా మనిషికి నలభై సంకెళ్ళు వేశాడు.

"వదినా," అన్నాడు తల దించుకుని. "నేను సీక్రెట్ ఏజెంట్‌ని. ఆ రోజు నడిపెయ్ అన్నది..."

"తెలుసు. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే." వదిన కాగితం మీది పెద్ద చుట్టుని వేలితో తడుముతోంది. "ఏజెంటువై ఉండి, నాకు తెలుసని ఆరు వారాలుగా కనిపెట్టలేకపోయావా?"