ఒక పళ్ళచక్రం కోసం

"ఈ పూట కూడా ఏమీ దొరకలేదని వచ్చిందంటే ఆయన మంచం పట్టేస్తారు, నేను చెప్తున్నాగా," అంది ఆమె, ఎవరూ అడక్కుండానే, పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ.

"ముందు పాలు పొంగకుండా చూడు. మంచం సంగతి తర్వాత," అంది అత్తగారు కిటికీ పక్క కుర్చీలోంచి. "పొద్దున్నే నీ నోట ఒక్క మంచి మాట విని ఎన్నాళ్ళైందే అమ్మాయ్!"

"నేనేం చెడు కోరుతున్నానా అత్తయ్యా? కీడెంచి మేలెంచమన్నారు. ముందే అనుకుంటే జరగదని నా నమ్మకం."

"అయితే ఇంకేం, మన ఇంటికి ఏ కీడూ రాదు. నువ్వు అనుకోనిదంటూ ఒక్కటీ మిగల్లేదుగా!"

ఆమె నవ్వలేదు. భయపడటానికి ఆమెకు మామూలుగా కారణాలు అక్కర్లేదు. కూతురు ఫోను ఎత్తకపోతే బస్సు బోల్తా పడిందనుకుంటుంది. మొగుడు రెండుసార్లు దగ్గితే ఊపిరితిత్తుల జబ్బు దాకా వెళ్ళిపోతుంది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ లాగి చూసుకుంటే గానీ కాళ్ళు ముందుకు పడవు. కానీ ఈసారి భయానికి కారణం ఉంది. అది ముందు గదిలో, పూల దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది.

ఆమె భర్త పుస్తకాల బైండరు. ఆ ముందు గదే ఆయన షాపు. గోడ వారగా దారపు ఉండలు, అట్టల దొంతరలు, జిగురు డబ్బా, మధ్యలో మనిషెత్తు ఇనప కటింగ్ మిషన్. పెళ్ళికి ముందే కొనుక్కున్నాడు. చక్రం తిప్పితే కత్తి దిగి, ఎంత లావు పుస్తకం అంచైనా వెన్న కోసినట్టు కోసేది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి ఉలిక్కిపడేది. తర్వాత ఆ చప్పుడు వినపడకపోతే ఉలిక్కిపడటం అలవాటైంది.

ఇప్పుడు ఆ చప్పుడు లేదు. లోపలి పళ్ళచక్రానికి పళ్ళు విరిగాయి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వెల్డింగ్ చేయిస్తే నిలవలేదు, లేతు మీద కొత్తది చేయిస్తే సరిపడలేదు. ఆయన స్కేలు పెట్టి చేతికత్తితో అంచులు కోస్తున్నాడు. మొన్న లైబ్రరీ ఆవిడ ఒక కట్ట వెనక్కి పంపింది, ఎలక కొరికినట్టు ఉన్నాయని. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఏమీ అనడం లేదు. అదే ఆమె భయం.

కూతురు కంప్యూటరు పని చేస్తుంది. రోజంతా కీబోర్డు మీద టకటకా పొడుస్తూ ఉంటుందని ఇంట్లో దాని పేరు పిచ్చుక. ఆ పిచ్చుకే నాన్న కోసం ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటరు తనంతట తనే నడిపే చిన్న ప్రోగ్రాం, రాసింది. పాత సామాన్లు అమ్మే వెబ్‌సైట్లన్నీ అది రోజూ చుట్టి వస్తుంది. ఆ మిషన్ పేరున్న ప్రకటనలు ఏరి, ఎన్ని దొరికాయో అమ్మ ఫోనుకి మెసేజ్ పంపుతుంది. అలా సైట్లలోంచి సమాచారం గీరి తేవడాన్ని స్క్రేపింగ్ అంటారని చెప్పింది.

"వాళ్ళది వాళ్ళకి తెలీకుండా గీరుకొస్తే కేసు పెట్టరుటే?" అని అడిగింది ఆమె అప్పట్లో.

"అందరూ చూసే ప్రకటనలే అమ్మా. నువ్వు పేపర్లో చూసినట్టే. ఇది నీకన్నా త్వరగా చూస్తుంది, అంతే."

పాలు దించుతుండగా ఫోను మోగింది. చెయ్యి తుడుచుకుని చూసింది. దొరికినవి: సున్నా.

"అనుకున్నా!" అని కూతురి గదిలోకి వెళ్ళింది. "ఒసేయ్ పిచ్చుకా, మళ్ళీ సున్నానే. నీ స్క్రిప్టు నిజంగా వెళ్ళి చూస్తోందా, లేక ఎక్కడో కూర్చుని సున్నా అని పంపేస్తోందా?"

"అదేమన్నా మనిషా అమ్మా, ఎగ్గొట్టడానికి? సెలవు రోజు కూడా నిద్రపోనివ్వవా?"

"నిద్రపోదువు గానిలే. ఒక్కసారి చూడవే. తాళం వేశాక లాగి చూసుకోవడంలో తప్పేముంది?"

"నువ్వు లాగే లాగుడికే మన తాళం వదులైపోయింది," అంటూ పిచ్చుక లేచి కూర్చుంది. అమ్మ నోరు మూయించడానికే లాప్‌టాప్ తెరిచింది. ఆమె మంచం అంచున కూర్చుని, అర్థం కాకపోయినా, తెర మీదికి తొంగి చూసింది.

పిచ్చుక ఒక్కో వరుసా చదువుకుంటూ కిందికి వచ్చి ఒకచోట ఆగింది. ఒక వరుస తీసేసి మళ్ళీ నడిపించింది. తెర నిండా ఎర్రక్షరాలు వచ్చాయి.

"అయ్యో, పేలిపోయిందా?" అని ఆమె కాళ్ళు పైకి తీసుకుంది.

"పేల్లేదు. ఉండమ్మా, ఒక్క నిమిషం." పిచ్చుక మొహం మారిపోయింది. "అమ్మా... ఇది చాలా రోజుల్నుంచి దొరికినవాటిని పారేస్తోంది."

"అంటే?"

"చెప్తా విను. స్క్రిప్టులో పైన ఒక పెట్టె పెట్టాను. దొరికినవన్నీ అందులో వెయ్యాలి. ఒక్కో సైటుకీ వెళ్ళొచ్చే పని వేరే చిన్న భాగానికి అప్పగించాను. ఆ భాగం లోపల కూడా, మతిలేక, అదే పేరుతో ఇంకో పెట్టె పెట్టేశాను. ఇది దొరికినవి లోపలి పెట్టెలో వేస్తోంది. పని అవగానే లోపలి పెట్టె మాయమైపోతుంది. బయటి పెట్టె ఎప్పుడూ ఖాళీనే."

"ఒకటే పేరు కదా, ఒకటే పెట్టె కాదా?"

"కాదు. పక్కింట్లో కూడా పంచదార డబ్బా ఉంటుంది, వాళ్ళు అందులో పోసుకుంటే మన డబ్బా నిండుతుందా?"

"ఆ మాటకొస్తే మన డబ్బానే వాళ్ళింట్లో ఉంది. కిందటి వారం పట్టుకెళ్ళారు, ఇంకా ఇవ్వలేదు. సరే, చెప్పు."

"అదొక్కటే కాదు. ఎన్ని దొరికాయన్న లెక్క కూడా బయటే పెట్టి, ఏదైనా దొరికినప్పుడల్లా లోపల్నుంచి ఒకటి కలుపుతున్నా. లోపలికి ఆ లెక్క కనపడదు. లేని దానికి ఎలా కలపను అని ఆగిపోతోంది. అదే ఈ ఎర్రక్షరాలు." పిచ్చుక గొంతు తగ్గింది. "ఏదైనా దొరికితేనే ఆ వరుస దాకా వస్తుంది అమ్మా. ఏమీ దొరకని రోజు తప్పే రాదు."

"మరి రోజూ ఈ ఎర్రక్షరాలు రావేం? సున్నాయే వస్తుందేం?"

పిచ్చుక తలగడ అంచు పీకుతూ కూర్చుంది.

"కొత్తలో ఒకసారి నీ ఫోనుకి ఎర్రగా పెద్ద మెసేజ్ వచ్చింది, గుర్తుందా? నువ్వు కరెంటు మెయిన్ ఆపేసి, నాన్నమ్మని బయటికి నడిపించి, నన్ను మీటింగు మధ్యలోంచి లేపావు. పిన్నికి కూడా ఫోన్ చేసి ఏడ్చావు. ఆ సాయంత్రమే స్క్రిప్టులో ఇంకో వరుస చేర్చాను. తప్పు వస్తే ఎవరికీ చెప్పకు, ముందుకెళ్ళు అని. నువ్వు కంగారు పడకూడదని."

"అయితే ఆ రోజు వచ్చింది..."

"చెడ్డ వార్త కాదు. ఏదో దొరికిందని."

ఆమె చేతిలోని ఫోను వైపు చూసుకుంది. మంచి కబురు గుమ్మం దాకా వచ్చి, తన కేకలకి జడిసి వెనక్కి పోయిందన్నమాట. ఆ తర్వాత మళ్ళీ ఎన్నిసార్లు వచ్చిందో.

"అలా మొహం పెట్టకు. తప్పు నాదే. మంట కనపడకూడదని పొగ గొట్టం మూసినట్టు చేశాను." పిచ్చుక అప్పటికే టకటకా పొడవడం మొదలుపెట్టింది. "ఇంక లోపలి భాగం పెట్టె జోలికే పోదు. తనకి దొరికినవి తను ఏరుకుని, వచ్చేటప్పుడు చేతికి ఇస్తుంది. బయట నేను తీసుకుని పెట్టెలో వేస్తా. లెక్క కూడా అక్కడే. ఎర్రక్షరాలు మాత్రం ఇకనుంచి నా ఫోనుకి వస్తాయి."

"నా ఫోనుకి కూడా రానీ."

"అమ్మా!"

"రానీవే."

మళ్ళీ నడిపించింది. ఈసారి ఎరుపు లేదు. దొరికినవి: రెండు. మొదటిది ఎక్కడో దూరపు ఊరిది. ఎవరో మూసేసిన ప్రెస్సులో అదే మిషన్, కత్తి పోయింది, పక్కకి ఒరిగిపోయింది. కానీ తీసిన ఫోటోలో పళ్ళచక్రానికి పళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. ఆమె కూతురి భుజం పట్టుకుని ఊపేసింది.

"రెండోది కూడా చూడవే! రెండు ఉంటే ఒకటి దాచుకోవచ్చు, ఇది కూడా విరిగితే ఎలా!"

రెండో ఫోటో తెరుచుకుంది. నల్లటి కటింగ్ మిషన్. వెనక అట్టల దొంతరలు. పక్కన స్టూలు మీద మడతపెట్టిన పూల దుప్పటి. దాని అంచుకి వేసిన ఆకుపచ్చ కుట్టు ఆమె చేత్తో వేసిందే. కింద రాసి ఉంది: చక్రం విరిగినది, ఇనుము కిందైనా ఇచ్చివేయబడును.

పిచ్చుక ఆ ఫోటోని పెద్దది చేసి మళ్ళీ చూసింది.

"ఇది మనదే కదూ," అంది పిచ్చుక మెల్లగా.

ఆమె లాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకుని, పళ్ళెంలా, ముందు గదిలోకి నడిచింది. ఆయన నేల మీద కూర్చుని ఒక పుస్తకం అంచుకి స్కేలు ఆనించి ఉన్నాడు. తెర ఆయన ముందు పెట్టింది. ఆయన చూసి, కత్తి పక్కన పెట్టాడు.

"ఎప్పుడు తీశారు ఇది?"

"నువ్వు మీ చెల్లెలింటికి వెళ్ళిన రోజు."

"మీకు ఫోటోలు తీయడం కూడా వచ్చా? నన్నెప్పుడూ తల లేకుండా తీస్తారే."

"లైటు నేను పట్టుకున్నాలే," అంది అత్తగారు గుమ్మంలోంచి. లేచి ఎప్పుడు వచ్చిందో.

"మీకూ తెలుసా అత్తయ్యా?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. చెప్తే నువ్వు అన్నం మానేస్తావన్నాడు. అబద్ధమా?"

"నాన్నా, ఎవరైనా అడిగారా దీన్ని?" అంది పిచ్చుక.

"సాయంత్రం ఒకతను బండి తీసుకొస్తానన్నాడు," అన్నాడు ఆయన, ఎవరి వైపూ చూడకుండా. "ఇనుము కింద తీసుకుంటాడట."

ఆమె గొంతు లేచింది. "ఈ సాయంత్రమా! నేను వంటింట్లో కూర్చుని మీరు మంచం పడతారేమోనని హడలి చస్తుంటే, నా వెనకాల మిషన్ బండెక్కించేద్దామనుకున్నారా? నాకు ఎప్పుడు చెప్దామని? గది ఖాళీ అయ్యాకా? నేను ఈ ఇంట్లో..."

ఆగిపోయింది. ముగ్గురూ తన వైపే చూస్తున్నారు. పిచ్చుక చెయ్యి సగం చాచి ఉంది, పడిపోతుందేమో పట్టుకోవాలన్నట్టు. అత్తగారి నోట ఎత్తిపొడుపు లేదు. ఆయన కళ్ళు దించేసుకున్నాడు, గిన్నె బద్దలుకొట్టిన పిల్లాడిలా. అప్పుడు కనపడింది ఆమెకు. ఇన్నేళ్ళూ తన భయం తననొక్కదాన్నే తింటోందనుకుంది. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మునివేళ్ళ మీద నడుస్తున్నారు. కూతురు తప్పుల్ని మింగేయమని కంప్యూటరుకి నేర్పింది. ఎనభై దాటిన ముసలావిడ లైటు పట్టుకుని ఒట్టు వేసింది. ఈయన తన కష్టాన్ని పెళ్ళాంతో చెప్పుకోలేక, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళతో చెప్పుకున్నాడు.

కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. స్టూలు మీది సామాన్లు పక్కకి నెట్టి, దాన్ని లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"పిచ్చుకా, ఆ దూరపు ఊరి చక్రం అమ్ముడుపోలేదు కదా?"

"ఇంకా ఉంది. ఇప్పుడే ఫోన్ చెయ్యొచ్చు."

"ఉండు. ముందు మీ నాన్నని అడగనీ." ఆయన వైపు తిరిగింది. "చూడండి, నా చెయ్యి వణుకుతోంది. వణకనివ్వండి. ఆగాకే అడుగుతానంటే ఈ జన్మకి అడగలేను. నేను కంగారు పడతాను, అరుస్తాను, మీ అమ్మగారు నన్ను వెక్కిరిస్తారు, అయినా అన్నం తింటాను. మీరు చెప్పకపోతేనే తినను. ఓపిక అయిపోయి, ఈ పని చాలనుకుంటే చాలనే చెప్పండి, దుప్పటి నేనే మడతపెడతాను. అంతేగానీ నన్ను కాపాడకండి. మీకు ఆ మిషన్ అమ్మేయాలని ఉందా?"

వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్ట్ కాక మొరాయిస్తోంది. పిచ్చుక ఏదో అనబోతే నాన్నమ్మ దాని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన లేచి మిషన్ దగ్గరికి వెళ్ళాడు. దుప్పటి తొలగించి, తిరగని చక్రం మీద చెయ్యి వేసి, అక్కడే అటు తిరిగి నిలబడ్డాడు. స్కూటరు స్టార్ట్ అయి వెళ్ళిపోయింది. దాని చప్పుడు వీధి మలుపు తిరిగి సన్నగా అయిపోయింది. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. వేళ్ళు ఒళ్ళో ముడేసుకుని కూర్చుంది.

"లేదే," అన్నాడు ఆయన చివరికి, ఇటు తిరగకుండానే. "అమ్మాలని లేదు. భయమేసింది. ఇంట్లో నువ్వొక్కదానివే భయపడతావనుకున్నావా?"