కుక్కకీ ఉయ్యాలకీ చార్జీ

"కుక్క ఎక్కడుందండీ?" అని అడిగాడు హోటల్ కౌంటర్ దగ్గరున్న అబ్బాయి.

అప్పుడే లోపలికి వచ్చిన అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తలుపు అద్దం మీద వాననీళ్ళు వంకర టింకరగా జారుతున్నాయి.

"ఏ కుక్క?"

"మీదండీ."

"నాకు కుక్క లేదు."

అబ్బాయి కంప్యూటర్‌లోకి చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. తడిసిన చున్నీ, భుజానికి ఒక సంచి, చేతిలో రేకు డబ్బా. అందులో కత్తెర, సూదులు, దారపు ఉండలు ఉన్నాయని అతనికి తెలియదు.

"మీ కారు పార్కింగ్‌లో పెట్టారా?"

"బస్సులో వచ్చాను."

"పాపా, బాబా?"

"ఏమిటి?"

"ఉయ్యాల అడిగారు కదండీ. పాప అయితే గులాబీ రంగు దుప్పటి వేస్తాం."

"నాకింకా పెళ్ళే కాలేదండీ."

అబ్బాయి తర్వాతి వరుస చదవబోయి ఆగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా చదవడం అతని ఉద్యోగం. ఆ హోటల్లో గది తాళం ఇచ్చే ముందు ప్రతి చార్జీనీ పైకి చదివి వినిపించాలి.

"కొత్త దంపతులకు మంచం మీద పూల అలంకరణ," అన్నాడు మెల్లగా. "అలంకరణ అయిపోయిందండీ."

ఆమె కౌంటర్ మీదికి వంగి కాగితం లాక్కుంది. గది అద్దె పైన ఒకే ఒక్క వరుసలో ఉంది. దాని కింద తొమ్మిది వరుసలు. కారుకు, కుక్కకు, ఉయ్యాలకు, అదనపు మంచానికి, పూలకు, ఇంకా వేటివేటికో. తొమ్మిదీ కలిపితే మూడు రోజుల అద్దె కంటే ఎక్కువ. తల కంటే తలపాగా పెద్దదయింది.

ఆమె దర్జీ. పక్క ఊళ్ళో ఒక కుట్టుకొట్లో నాలుగేళ్ళు పని చేసింది. ఈ నగరంలోని నాటకశాలలో దుస్తులు కుట్టే ఉద్యోగం ఉందంటే వచ్చింది. రెండు రోజులు పని చేసి చూపించాలి. నచ్చితే తీసుకుంటారు. సంచిలో ఉన్న డబ్బు గదికీ, తిండికీ, తిరుగు బస్సుకీ లెక్కగా సరిపోతుంది.

"ఇవన్నీ ఎవరు అడిగారు?"

"బుకింగ్ చేసినవాళ్ళే. అన్ని గళ్ళలోనూ టిక్కులు ఉన్నాయి. ఒక్కటీ వదల్లేదు."

ఆమెకు అర్థమైంది. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు బడి ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా తిప్పి పంపేవాడు. "ఖాళీ వదిలావంటే నీకు అక్కర్లేదని అర్థం" అని పిల్లల తల్లిదండ్రులకు చెప్పేవాడు. అలాంటి మనిషి హోటల్ ఫారంలో గళ్ళు ఖాళీగా ఎందుకు వదులుతాడు?

"పోనీలెండి, కంగారేం లేదు," అన్నాడు అబ్బాయి. "ఎవరి పేరు మీద బుకింగ్ ఉందో ఆయన ఒక్క ఫోన్ చేసి బుకింగ్ నంబర్ చెబితే చాలు. అన్నీ తీసేస్తాను."

"నేను చెబితే?"

"కుదరదండీ. ఆయనే చెప్పాలి. రూల్."

"అయితే వద్దు. ఉండనివ్వండి."

"కుక్కకి కూడా కడతారా?"

"కడతాను."

"లేని కుక్కకి?"

"నా కుక్క, నా ఇష్టం."

అబ్బాయి నవ్వాడు. ఆమె నవ్వలేదు. తాళం తీసుకుని రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"మా నాన్నకు ఫోన్ చేయకండి. ఆయనకు కళ్ళ ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలలూ అన్నీ మేమే చేసిపెట్టాం. ఈ బుకింగ్ ఒక్కటీ ఎవరి సాయం లేకుండా తనే చేశారు. వీధి వీధంతా చెప్పుకున్నారు. తప్పు చేశానని తెలిస్తే మళ్ళీ ఫోన్ ముట్టుకోరు. అర్థమైందా?"

"అర్థమైందండీ."

"మాటివ్వండి."

"ఇచ్చాను."

గదిలో మంచం మీద పూలరేకులు హృదయం ఆకారంలో పరిచి ఉన్నాయి. ఒక పక్క ఉయ్యాల. ఇంకో పక్క కుక్క పడుకునే మెత్త, దాని ముందు నీళ్ళ గిన్నె. ఆమె పూలరేకులు దులిపి ఉయ్యాలలో పోసింది. కుట్టు డబ్బాను కుక్క మెత్త మీద పెట్టింది. మధ్యాహ్నం రొట్టె మానేస్తే ఎంత మిగులుతుందో లెక్క వేసుకుంటూ పడుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె కిందికి దిగేసరికి వాన ఇంకా పడుతూనే ఉంది. అబ్బాయి కౌంటర్ కింద నుంచి గొడుగు తీసి ఇచ్చాడు.

"దీనికెంత?" అంది ఆమె.

"దీనికి గడి లేదండీ."

ఆమె మొహం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయింది. నవ్వు కనిపించకుండా తిప్పుకుందని పక్క బల్ల దగ్గర లెక్కలు చూసుకుంటున్న మేనేజరమ్మకు తెలిసింది. అబ్బాయికి తెలియలేదు.

ఆమె వెళ్ళిన గంటకు కౌంటర్ మీద ఫోన్ మోగింది.

"బాబూ, నేను నిన్న వచ్చిన అమ్మాయి నాన్నని," అంది అవతల ఒక పెద్ద గొంతు. "బిల్లు నా ఫోన్‌కి వచ్చింది. భూతద్దం పెట్టి చదివాను. అందులో కుక్క ఉందేమిటి?"

"మీరే టిక్ పెట్టారండీ."

"పెట్టాను. పెట్టకపోతే ఫారం తీసుకోదేమో అనుకున్నా. ఇప్పుడెలా?"

"బుకింగ్ నంబర్ చెప్పండి చాలు."

పెద్దాయన ఒక్కో అంకె ఆగి ఆగి చదివాడు. మధ్యలో ఒకసారి తప్పు చదివి, తనే దిద్దుకున్నాడు. అబ్బాయి తొమ్మిది వరుసలూ తీసేశాడు.

"ఇంకొక్క మాట బాబూ. మా అమ్మాయికి ఇది తెలియకూడదు. గుడ్డిగా నొక్కేశానని తెలిస్తే అది ఆ ఉద్యోగం వదులుకుని ఇంట్లో నా పక్కనే కూర్చుంటుంది. 'నాన్నకు ఇంకా కళ్ళు కనబడట్లేదు, నేనెక్కడికీ పోను' అంటుంది. దాని సంగతి నాకు తెలుసు. మాటిస్తావా?"

అబ్బాయి పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఇచ్చానండీ," అన్నాడు.

రోజు తిరక్కుండానే ఒకే ఇంట్లో ఇద్దరికి మాటిచ్చాడు. ఒకరికిచ్చిన మాట ఇంకొకరికి చెప్పే వీల్లేదు. అతనికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సాయంత్రం ఆమె వచ్చి గొడుగు తిరిగిచ్చింది. ఆ రోజు నాటకశాలలో రాజు వేషానికి పాత కోటు ఇచ్చి లోపలి అస్తరు మార్చమన్నారు. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి చూసి అబ్బాయి ఏదో అడగబోయాడు. ఆమె ముందే అడిగింది.

"బిల్లు ఎంతయిందో ఒకసారి చెబుతారా? రేపటికి చూసుకోవాలి."

అబ్బాయి కాగితం ఇచ్చాడు. గది అద్దె ఒక్కటే ఉంది.

"మిగతావి ఏవి?"

"తీసేశాం. కంప్యూటర్‌లో పొరపాటు జరిగిందండీ." అతను ఆ మాట గోడ గడియారంతో చెప్పాడు.

"నిన్న రూల్ అన్నారు. మా నాన్నే చెప్పాలన్నారు."

"అన్నాను."

"ఆయనకు ఫోన్ చేశారా?"

"నేను చేయలేదండీ." ఇది నిజం. అందుకని ఆమె కళ్ళలోకి చూసి చెప్పగలిగాడు.

ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టే ఇంకో లెక్కకు వచ్చింది.

"అయితే మీరు కట్టారన్నమాట."

"లేదండీ."

"మరెవరు తీశారు?"

అబ్బాయి మళ్ళీ గడియారం వైపు చూశాడు.

"చూడండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "గొడుగు ఇచ్చారు, తీసుకున్నాను. ఇది వేరు. జాలిపడి కట్టారు కదా. రేపు వెళ్ళేటప్పుడు మీ డబ్బు మీకిచ్చేస్తాను."

"జాలి కాదండీ."

"మరేమిటి?"

అతను గొడుగు మడిచి కౌంటర్ కింద పెట్టాడు. ఆమె లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"నోట్లో నాలుక లేదా నీకు?" అంది మేనేజరమ్మ లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"ఉంది మేడమ్. మాటిచ్చి కట్టేసుకున్నాను."

మూడో రోజు మధ్యాహ్నానికి నాటకశాల వాళ్ళు ఆమెను తీసుకున్నారు. దుస్తుల విభాగం పెద్దావిడ కోటును తిరగేసి చూసి, కుట్టు ఎక్కడ మొదలైందో కనబడటం లేదంది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరమంది. ఆమె సంతోషంగానే బయటికి వచ్చింది. హోటల్ దగ్గరపడే కొద్దీ ఆ సంతోషం తగ్గింది. అతనికి చెప్పాలనిపించింది. అతనికి బాకీ ఉండగా ఎలా చెబుతుంది?

ఆమె గది అద్దె కట్టి రసీదు తీసుకుంది. తర్వాత ఇంకొన్ని నోట్లు లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది కొంతే. మిగతాది ఉద్యోగంలో చేరాక ఇస్తాను. ఉద్యోగం వచ్చింది."

"వచ్చిందా?" అబ్బాయి మొహం వెలిగింది. నోట్లు చూసి మళ్ళీ ఆరిపోయింది. "ఇవిస్తే మీకు బస్సుకి ఏం మిగులుతుంది?"

"అది నా గొడవ."

"నేను తీసుకోనండీ."

"తీసుకోకపోతే మళ్ళీ ఈ వీధిలోకి రాను. ఒకరి దయ మీద ఉండటం నాకు చేతకాదు."

అబ్బాయి నోట్ల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి ఒక నంబర్ నొక్కాడు.

"నమస్తే అండీ, హోటల్ నుంచి. మీకు మాటిచ్చాను, గుర్తుందా? దాన్ని వెనక్కి తీసుకోవాలి. అడగడానికే చేశాను... లేదండీ, నేనేం చెప్పలేదు. కానీ ఆమె నేను జాలిపడి కట్టాననుకుంటోంది. డబ్బు పెట్టి వెళ్ళిపోతోంది. ఆమె నన్ను అలా అనుకుని వెళ్ళడం నాకు..."

ఆగాడు. అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది.

"మూడు రోజులే అండీ," అన్నాడు అబ్బాయి. "అయినా కష్టంగానే ఉంది."

ఆమె చెయ్యి నోట్ల మీదే ఉండిపోయింది. మేనేజరమ్మ పేజీ తిప్పడం మానేసింది.

"మీతో మాట్లాడతారట," అని అబ్బాయి ఫోన్ ఇచ్చాడు.

"ఎవరు?"

"మీ నాన్నగారు."

ఆమె ఫోన్ అందుకుంది. చాలాసేపు విన్నది.

"మీకు ముందే తెలుసా నాన్నా?" అంది. "భూతద్దంతోనా... నేనెందుకు మానేస్తాను? ఉద్యోగం వచ్చింది, ఒకటో తారీఖున చేరతాను. మీకు కళ్ళు కనబడవని ఎవరన్నారు? కుక్క కనబడింది కదా."

అవతల నవ్వు కౌంటర్ ఇవతలికి వినిపించింది. ఆమె కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ అబ్బాయి మంచివాడే," అన్నాడు నాన్న. "గుట్టు దాచగలడు. అబద్ధం మాత్రం రాదు. నేను గట్టిగా అడిగితే నీళ్ళు నమిలాడు. నువ్వు కూడా అడిగి చూడు."

ఆమె ఫోన్ పెట్టేసింది. నోట్లు ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టుకుంది. అది పూర్తి కావడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు పట్టింది.

"నిన్న జాలి కాదన్నారు. మరేమిటో చెప్పలేదు."

"ఇప్పుడు మీ నాన్నగారికి చెప్పాను కదండీ."

"ఆయనకు చెబితే నాకు చెప్పినట్టా?"

అబ్బాయి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి గడియారం వైపు చూడలేదు.

"మీరు వచ్చే నెల ఈ ఊరు వస్తున్నారంటే, ఒకటో తారీఖు దాకా రోజులు ఎలా గడుస్తాయా అనిపిస్తోంది," అన్నాడు. "అదండీ."

ఆమె తల దించుకుని సంచి బొత్తాం పెట్టుకుంది.

"మీ డ్యూటీ ఎన్నింటికి అయిపోతుంది?"

"ఐదింటికి."

"నా బస్సు ఆరున్నరకి. ఇక్కడి నుంచి స్టాండ్ దాకా నడిస్తే ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు," అన్నాడు అబ్బాయి. కాస్త ఆలోచించి, "మెల్లగా నడిస్తే గంట పడుతుంది," అన్నాడు.

ఆమె వెళ్ళి కౌంటర్‌కి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అప్పటికి నాలుగున్నర అయింది.