ఎర్రగాజు ఆకాశదీపం

కార్తీకం వచ్చిందంటే కుందలహళ్ళిలో నంజమ్మ ఇంటిముందు వెదురుగడ లేచేది. ఆకాశదీపం పోయినవాళ్ళకు దారి చూపుతుందంటారు. ఆమె కట్టేది కొడుకు ఆవులప్ప కోసం. బర్మా యుద్ధంలో వాడు పోయాడని కాగితం వచ్చింది గానీ శవం రాలేదు. కాటికి పంపని కొడుకు పోయాడంటే ఏ తల్లి నమ్ముతుంది?

మొగుడు అంజినప్పది ఊరికి పడమరనున్న విమానాల మైదానంలో దీపాల పని. రాత్రి విమానం వస్తుందంటే అది దిగే బాట పొడుగునా కిరసనాయిలు దీపాలు, బాట మొదలు దగ్గర ఎర్రగాజుది ఒకటి పెట్టాలి. మబ్బు పడితే విమానం నడిపేవాడికి కళ్ళు పనికిరావు. చెవికి తగిలించుకున్న యంత్రంలో మోత ఒకే తీరుగా వినబడుతున్నంతసేపూ దారి సరైనదేనని నమ్మి దిగుతాడు. మబ్బు కిందికొచ్చాక ఎర్రదీపాన్ని వెతుక్కుంటాడు. ఇదంతా అంజినప్పకు కంఠతా వచ్చు.

వచ్చి ఏం లాభం? గాలికి ఆకాశదీపం ఆరిపోయినప్పుడల్లా నంజమ్మ ఏడ్చేది. చూడలేక, మైదానంలో పాతబడిందని పక్కన పడేసిన ఎర్రగాజు దీపం తెచ్చి తనే గడకెక్కించాడు. విమానాలు దిగొచ్చే దారి సరిగ్గా తమ ఊరి మీదుగానే అన్న సంగతి ఆ పూట మరిచాడు. కడుపుతీపి ముందు నేర్చిన విద్య నిలవదు.

ఎర్రదీపం ఎక్కించిన నాలుగో రాత్రి మబ్బు నేలకు ఆనింది. మైదానంలో నిలబడ్డ అంజినప్పకు చిన్న టపా విమానం మోత తూర్పు నుంచి వినబడింది. దగ్గరైంది... కిందికి దిగింది... ఇంకా దిగింది. రావలసిన చోటికి రాలేదు. తమ ఊరి రాగిచేలో మంట లేచింది.

నడిపిన కుర్రాడు కాలిపోయాడు. ఇరవై రెండేళ్ళట. ఆవులప్ప ఈడే.

తెల్లారేలోగా అంజినప్ప దీపం దించి ఎండిన బావిలో పడేశాడు. గాలికి గాజు పగిలిందని పెళ్ళానికి చెప్పాడు. నిజం తెలిస్తే ఆమె బతకదని భయం. ఆ రోజు నుంచి పనికీ పోలేదు.

ఆ రాత్రే మోత మొదలైంది. మబ్బు పైన ఒక్క విమానం, ఊరి చుట్టూ. మర్నాడూ అంతే. పెట్రోలు వాసన ఇంట్లోకి వచ్చేది. ఊరి కుక్కలు మొరగడం మానేశాయి.

"మనోడేనప్పా," అని గుసగుసగా అనేది నంజమ్మ. "దీపం లేక తిరుగుతా ఉండాడు."

కాదని అంజినప్పకు తెలుసు. తిరిగేది రాగిచేలో కాలిపోయిన కుర్రాడు. దీపం పెడితే మళ్ళీ కూలుతాడు. పెట్టకుంటే తిరుగుతూనే ఉంటాడు.

అమావాస్య నాటికి నంజమ్మ అన్నం మానేసి నాలుగు రోజులు. ఇక తట్టుకోలేక ఆయన బావిలో దిగాడు. దీపం దొరికింది. గాజుకు ఒక్క బీట లేదు. వెలిగించి గడ పైకి లాగాడు.

మోత దిగింది. ఇంకా దిగింది. ఆగిపోయింది...

కూలిన చప్పుడు లేదు. కాసేపటికి, కోసిన రాగి మోళ్ళ మీద బూట్ల అడుగులు. నెమ్మదిగా... గడప దాకా.

నంజమ్మ తలుపు తీసింది. అంజినప్పకు ఎవరూ కనిపించలేదు. ఆమె మాత్రం చెయ్యెత్తి, ఎవరివో చెంపలు నిమిరింది. ఏడుస్తూనే నవ్వింది. లోపలికి పోయి రెండు కంచు తట్టల్లో సంగటి పెట్టింది.

"రెండెందుకు నంజీ?"

"ఆవులప్ప ఒకడే రాలేదు. కాలిన పిల్లోడెవరినో చెయ్యి పట్టుకొచ్చినాడు."

రెండో తట్ట వైపు వంగి ఏదో విన్నది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఆ పొద్దు గూడా ఈ దీపమే చూసి దిగినాడంట. నాకెందుకప్పా చెప్పలేదు?"

అంజినప్ప ఆ తట్ట ముందు కూలబడి గుండె పగిలేలా ఏడ్చాడు. తన కొడుకును ఎవరో చంపారని నాలుగేళ్ళుగా తిట్టిన నోటితోనే, తనను మన్నించమని ఇంకొకరి కొడుకును అడిగాడు. చాలాసేపటికి, దీపం దించేద్దామని లేచాడు.

నంజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దించొద్దంటుండారు. పైన ఇంకా చానామంది ఉండారంట."

అప్పుడు విన్నాడు. మబ్బు పైన, ఈసారి ఒక్క మోత కాదు.